మొక్క మంచిదే... మరి క్రీము?

మొన్న వేసవిలో మా ఎదురింటి పిన్నిగారి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి పది రోజులుందనగా మెడ నల్లగా ఉందని నిమ్మరసం పట్టించుకుని, అలాగే డాబా మీద వడియాలు ఎండబెట్టడానికి వెళ్ళింది. ఒకటి రెండు రోజుల్లో మెడంతా కంది, నీటి పొక్కులు లేచాయి. పొక్కులు తగ్గాయిగానీ మచ్చలు మిగిలాయి. పెళ్ళి ఫొటోల్లో జడ ముందుకు వేసుకుని నిలబడింది పాపం. "నిమ్మకాయే కదక్కా, ఏం చేస్తుందిలే అనుకున్నా" అంది బిక్కమొహం వేసుకుని.

నిమ్మలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది. అంటే మొక్కలో ఉన్నదీ రసాయనమే. మేలు చేయగలిగినది కీడూ చేయగలదు. ఈ మాట చెప్పని డబ్బాలే ఇప్పుడు షాపుల నిండా! పసుపు సీరం, వేప జెల్, కలబంద క్రీము... పైన పచ్చటి ఆకు బొమ్మ, పక్కన 'శాస్త్రీయంగా నిరూపితం' అన్న ముక్క. ఏం నిరూపించారు? ఎవరి మీద?

పసుపు కేసులో తేలిందేమిటి?

గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కింది. మన సి.ఎస్.ఐ.ఆర్. 1996లో దాన్ని సవాలు చేసింది. పాత గ్రంథాలనూ, 1953లో మన వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసాన్నీ సాక్ష్యంగా పెట్టింది. 1997లో పేటెంటు రద్దయింది. మనమంతా మురిసిపోయాం. మురవాల్సిన విషయమే! కానీ అక్కడ రుజువైంది పసుపు వాడకం పాతదేనని. పసుపు ఏ చర్మానికి ఎంత పనిచేస్తుందన్నది ఆ కేసులో తేలిన విషయం కాదు. పాతదనీ, పనిచేస్తుందనీ... ఈ రెండు మాటలనూ మనం ఒకటిగా కలిపేసుకున్నాం.

పసుపులోని కర్కుమిన్ వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో కనిపించింది. అయితే పసుపులో అది ఉండేది నూటికి 3 పాళ్లకు అటూ ఇటూ. పైగా వెలుతురుకి చెడిపోతుంది, ఒంట్లోకి సరిగా ఇంకదు. కర్కుమిన్ మీద మనుషుల్లో జరిగిన నూటికి పైగా పరీక్షలను లెక్కలోకి తీసుకున్న ఒక సమీక్ష 2017లో వచ్చింది. గట్టి పద్ధతిలో జరిగిన పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని అది తేల్చింది. దాంతో విభేదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. అంటే వాదన ఇంకా నడుస్తోంది. డబ్బా మీద మాత్రం తీర్పు వచ్చేసింది!

పరీక్షకు నిలిచినవీ ఉన్నాయి

అలాగని అన్నీ బూటకమని కాదు. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల బాధితుల మీద 5 శాతం టీ ట్రీ నూనె జెల్‌నూ, డాక్టర్లు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్‌నూ పోల్చి చూశారు. రెండూ మొటిమలు తగ్గించాయి. నూనె నెమ్మదిగా పనిచేసింది, కానీ ఇబ్బందులు తక్కువ.

మన ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకు వాడే బావంచాల సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ గింజలోని బకుచియోల్‌ను రెటినాల్‌తో పోలుస్తూ 44 మంది మీద 12 వారాలు జరిపిన పరీక్ష 2019లో అచ్చయింది. ముడతలు, మచ్చలు తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానమే. రెటినాల్ వాడినవాళ్ళకే పొట్టు రాలడం, మంట ఎక్కువ. బాగుంది కదూ? కానీ అదే గింజలో సోరాలెన్ కూడా ఉంది. అది నిమ్మలోని పదార్థాలకు చుట్టమే, ఎండలో చర్మాన్ని కాలుస్తుంది. వేరుచేసి, కొలత ప్రకారం కలిపిన బకుచియోల్ వేరు, ఇంట్లో నూరి రాసుకున్న బావంచాల ముద్ద వేరు.

కాబట్టి కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి. మొక్క పేరుతో సరిపెట్టారా, అందులోని పదార్థం పేరూ శాతమూ రాశారా? పరీక్షించింది మనుషుల మీదా, గాజు గొట్టంలోనా? దేనితో పోల్చారు? ఇంట్లో చేసుకున్నదైనా సరే, ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకట్రెండు రోజులు చూడండి. నిమ్మరసం రాసుకుని మాత్రం ఎండలోకి వెళ్ళకండి.

బియ్యం కొనేటప్పుడు గుప్పెడు తీసి రాళ్ళున్నాయేమోనని చూసే మనం, పిల్లల ముఖానికి రాసేదాన్ని ఆకు బొమ్మ చూసి కొనేయడమేమిటి చెప్పండి?