గృహిణీ ప్రశ్నోత్తరములు: పాతచెంచా మీది ముద్రలు

ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న తమ కుమారుడు సెలవు దినములందు రైతు అనుమతి గైకొని, మెటల్ డిటెక్టరను యంత్రముతో దున్నిన పొలములో వెదకుచుండగా ఒక చెంచా దొరికినదనియు, దాని కాడ వెనుక అయిదు చిన్న ముద్రలున్నవనియు ఒక సోదరి వ్రాసియున్నారు. అది వెండియేనా, అయినచో చింతపండుతో తోమి పంపుమని కుమారునికి వ్రాయవచ్చునా, మనుమని అన్నప్రాశనమునకు పనికివచ్చునా అని వారి ప్రశ్న.

సోదరీ! ముందుగా చింతపండు మాట మఱచిపొండి. ఇత్తడి బిందెకు మేలుచేసిన పులుసు నేలలో నానిన పాతవెండికి మేలుచేయదు. బూడిదయు చేర్చి రుద్దినచో ముద్రల అంచులరిగిపోవును. ఆ ముద్రలే ఆ చెంచా జాతకము. జాతకము చెరిపివేసి బిడ్డ యే నక్షత్రమున పుట్టెనో చెప్పుమన్న నెవరు చెప్పగలరు? మంచినీట మెల్లగా కడిగి, మెత్తని గుడ్డతో నద్ది, భూతద్దముతో చూడుమని వ్రాయుడు.

ఇక ముద్రల సంగతి. నడచుచున్న సింహము వెండి స్వచ్ఛతకు గుర్తు. వేయిపాళ్లలో 925 పాళ్లు వెండియని దాని అర్థము. ఈ ముద్ర 1544 నుండి యున్నది. చిఱుతపులి తల లండను పరీక్షశాలకు గుర్తు. లంగరున్నచో బర్మింగుహాము, కోటయున్నచో ఎడింబరో. షెఫీల్డువారు 1974 వఱకు కిరీటమును వేసెడివారు. ఒంటి అక్షరము సంవత్సరమును దెలుపును. లండనులో ఇరువది అక్షరములు ముగియగానే అక్షరపు తీరును, దానిచుట్టు గల గడి ఆకారమును మార్చెడివారు. కావున అక్షరముతోపాటు గడినిగూడ చూడవలెను. రాజుగారి తల సుంకము చెల్లించినట్లు గుర్తు. అది 1784 మొదలు 1890 వఱకు మాత్రమే వేయబడెను. రెండక్షరముల ముద్ర పనివానిది. ఒకే అక్షరములుగల పనివారు పలువురుందురు గనుక, సంవత్సరము తేలిన పిమ్మటనే పేరు వెదకవలెను.

మీ చెంచాపై చిఱుతపులికి కిరీటమున్నదని వ్రాసితిరి. లండనువారు 1821లో ఆ కిరీటమును తీసివేసిరి. రాజుగారి తలయు నున్నది గనుక, మీ చెంచా 1784కును 1821కిని నడుమ లండనులో ముద్రవడిన వెండిచెంచాయే.

అయితే అక్షరములన్నియు వెండిని దెలుపవు. ఈ, పీ, ఎన్, ఎస్ అను నాలుగక్షరములు వేర్వేరు గడులలో నుండి వెండిముద్రలవలెనే కనబడును. అవి రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమముపై విద్యుచ్ఛక్తితో వెండిపూత పూసిన సామానుకు గుర్తులు. ఎల్కింగ్టనువారు 1840లో ఈ పూతకు పేటెంటు పొందిన పిమ్మట ఇట్టివి ఇంటింటను చేరినవి. మా యెఱిగిన యింట నొక పెద్దమ్మ అట్టి చెంచాలను వెండియని నమ్మి కూతురి సారెలో పెట్టినది. కంసాలి గీటురాయిపై గీయగా రాగి బయటపడి, ఆ పిల్ల అత్తవారింట చాలనాళ్లు మాటపడవలసివచ్చెను. సింహమును వెదకియున్న ఆ బాధ లేకపోవును.

ఇక అన్నప్రాశనము. పొలములో దొరికినది దొరికినవాని సొంతమని తలపరాదు. మూడువందల యేండ్లు నిండిన వెండివస్తువైనచో 1996 నాటి నిధుల చట్టము ననుసరించి పదునాలుగు దినములలో కరోనరు అను అధికారికి తెలుపవలెను. మీ చెంచాకు అంత వయస్సు లేదు. అయినను అది భూమిగలవానిదే. అతనితో చేసికొన్న ఒడంబడికనుబట్టియే మీ కుమారునికి హక్కు కలుగును. నేలలో దొరికిన ప్రాతవస్తువును దేశము దాటించుటకు అనుమతిగూడ కావలయును. ఈ మాటలు కుమారునికి నేడే వ్రాయుడు. పరాయి సొమ్ముతో బిడ్డకు తొలిముద్ద తినిపింపనేల?

మనుమనికి మన కంసాలిచేతనే చిన్న వెండిగిన్నె చేయింపుడు. దానిపై భారతీయ ప్రమాణముల సంస్థవారి ముద్ర వేయించుకొనుడు. ఆ గిన్నెనైనను గట్టిగా తోమి ముద్ర నరుగనీయకుడు. రేపు మునిమనుమలు దానిని చదువవలెను గదా!