మాహోల్ ఎవరి కోసం, మామూ?



పోయిన జుమా నమాజ్ అయ్యాక మా పెద్ద మామూ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. సలామ్ చెప్పి, అమ్మీ తబియత్ అడిగి, వెంటనే అసలు విషయానికి వచ్చేశారు. "కైకలూరు వదిలి ఏలూరు పోతున్నావంట. ఊరు మారేవాడివి సరైన ఊరికి మారొచ్చు కదరా. ఇక్కడికి రా. అంత దూరం వద్దనుకుంటే బెజవాడ పో. ఏలూరులో ఏముంది? అక్కడ మాహోల్ ఉందా?"

ఫోన్లో ఆయనకు జవాబు చెప్పలేదు. పెద్దవారు. అబ్బా పోయినప్పుడు మూడు నెలలు మా ఇంటి ఖర్చు భరించిన మనిషి. ఆయన ఒక్కరే అయితే ఇక్కడా రాసేవాణ్ణి కాదు. కానీ మన ప్రతి ఖాందాన్‌లోనూ ఒక పెద్ద మామూ ఉన్నారు, ఆయన నోట్లో ఈ 'మాహోల్' అనే మాటా ఉంది. ఆ మాట ఎంతమంది ఆడపిల్లల పుస్తకాలు మూయించిందో లెక్క తీయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇప్పుడు నా ఇంటి గుమ్మం దాకా వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

సంగతి ఇది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసయింది. బీఎస్సీ చదువుతానంటోంది. ఏలూరులో సెయింట్ థెరీసా మహిళా కళాశాల మీద మనసు పెట్టుకుంది. నాకేమో కైకలూరు కంట్రిబ్యూటర్ పని నుంచి బెజవాడలో డెస్క్ మీదికి రమ్మని పిలుపొచ్చింది. తన్ఖా గొప్పదేమీ కాదు గానీ నెలనెలా వస్తుంది, లైన్ అకౌంట్ లెక్కలు రాసుకోనక్కర్లేదు. కైకలూరుకీ బెజవాడకీ మధ్య ఎక్కడుంటే ఇద్దరి పనీ జరుగుతుందని మేమిద్దరం రాత్రుళ్ళు కూర్చుని ఆలోచించాం. మా ఇంటావిడే ముందు అంది, "ఏలూరు చూడండి జీ" అని.

"కైకలూరులో డిగ్రీ కాలేజీ లేదా?" అంటారు. ఉంది. అందులో చదివి బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. కానీ అమ్మాయి అడిగినది వేరు. "బస్సులో పోయి రావచ్చు కదా" అంటారు. కైకలూరు నుంచి ఏలూరు బస్సు కొల్లేటి నడుమ నుంచి పోతుంది. ఎండాకాలం ఆ దారి చూడ ముచ్చట, కొంగలూ చేపల చెరువులూ. వానాకాలం సంగతి మాకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు కొల్లేటికి చేరినప్పుడు చిన ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఇక ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం, డిసెంబరులో మగ్రిబ్ అజాన్ తొందరగా అవుతుంది. మొదటి రోజు చీకటి పడ్డాక అమ్మాయి ఇల్లు చేరితే, "రేపటి నుంచి మాన్పించండి" అని ఫోన్ చేసే మొదటి మనిషి మామూయే.

పదో తరగతి తర్వాత మా ఇంటావిడ చదువు అలాగే ఆగిపోయింది. ఆమె తెలుగు మీడియం, ఫస్ట్ క్లాస్. లెక్కల్లో నాకంటే చురుకు, ఇప్పటికీ సరుకుల చీటీ కూడేది ఆమే. అప్పుడూ ఇదే మాట, "దూరం, మాహోల్ బాగాలేదు". ఆ మాట అన్నవాళ్ళెవరూ ఈరోజు లేరు. ఆమె మాత్రం ఉంది. పాత మార్కుల మెమో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నికాహ్‌నామా పక్కన దాచుకుంది. మొన్న రాత్రి అది బయటకు తీసి అమ్మాయికి చూపించింది. ఏమీ అనలేదు. నాతో మాత్రం, "బచ్చీకు పఢానా నై క్యా జీ?" అంది. ఇక నాకు మామూ ఫోను ఎంత బరువో, ఈ మాట ఎంత బరువో మీరే తూచండి.

'మాహోల్' అంటే ఏమిటో కూడా తేల్చుకుందాం. మస్జిద్ దగ్గర ఉండటమా? ఏలూరులో మస్జిద్‌లకు కొదవ లేదు. ఏలూరు తివాచీ అంటే తెలియని వాళ్ళుండరు కదా, ఆ మగ్గాల మీద తరాల తరబడి కూర్చున్నది మనవాళ్ళే. హలాల్ గోష్త్ దుకాణమా? అదీ ఉంది. ఆడపిల్లలకు వేరుగా చదువా? సెయింట్ థెరీసా ఆడపిల్లల కాలేజీయే, 1953 నుంచి నడుస్తోంది. అది చెబితే, "సిస్టర్లు నడిపే కాలేజీ కదా, ఈమాన్ ఖరాబ్ అవుతుంది" అంటారు. మగపిల్లలు లేని చోటు కావాలంటారు, చూపిస్తే నడిపేవాళ్ళ మజ్హబ్ అడుగుతారు. మరి మనవాళ్ళు నడిపే అలాంటి కాలేజీ కట్టి చూపించండి, రేపే చేర్పిస్తాను. ఫంక్షన్ హాళ్ళు కట్టడానికి మాత్రం మనకు చందాలు పుడతాయి.

ఇంకొందరు ఈ ఊరు మారడాన్ని 'హిజ్రత్' అంటున్నారు. దయచేసి ఆ మాట వాడకండి. మక్కా వదిలి మదీనాకు పోయినవాళ్ళు ఇళ్ళూ ఆస్తులూ వదిలేసి ప్రాణం చేత్తో పట్టుకుని పోయారు. మనం లిఫ్టు ఉన్న ఫ్లాటు కోసం పోతున్నాం. దానికి 'మకాం మార్చడం' అన్న తెలుగు మాట చాలు. అన్నట్టు మకాం కూడా మన మాటే.

బెజవాడ సంగతికొస్తాను. మా ఖాలా కొడుకు ఆరేళ్ళ కిందట మాహోల్ కోసమే కైకలూరు నుంచి బెజవాడ పోయాడు. సింగ్ నగర్‌లో కిందింటి వాటా. ఇక్కడ ఐసు ఫ్యాక్టరీలో సొంత పరపతి ఉన్నవాడు అక్కడ ఆటో అద్దెకు తీసుకుని నడిపాడు. కిరాయి, కరెంటు, ఆటో అద్దె పోను మిగిలింది కొడుకు ఫీజుకు సరిపోయింది, కూతురి ఫీజుకు సరిపోలేదు. ఎవరి చదువు ఆగిందో మీకు చెప్పాలా? ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో కూర్చుని బ్లౌజులకు హుక్సులు కుడుతోంది. చుట్టూ మాత్రం మాహోల్ ఉంది, అయిదు పూటలా అజాన్ వినిపిస్తుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఆ ఇంట్లోకే వచ్చింది. పిల్ల సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయి. మా రోడ్డును ముంచిన నీళ్ళు ముందు వాళ్ళ మంచాన్ని ముంచి వచ్చాయి.

"ఏలూరులో ఆ వింత జబ్బు వచ్చింది కదా" అని మా ఫుప్పీ అంటోంది. నిజమే, 2020 డిసెంబరులో అయిదు వందల మందికి పైగా కళ్ళు తిరిగి, మూర్ఛ వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఆ భయం నాకూ ఉంది, తాగే నీళ్ళు కొనుక్కుంటాను. కానీ జబ్బు రాని, వరద రాని, దోమ కుట్టని ఊరు చూపిస్తేనే మారాలంటే ఎవరం ఎక్కడికీ పోలేం.

మామూకు ఇంకో మాట. మీ చిన్నబ్బాయి అమెరికాలో చికాగో దగ్గర ఉన్నాడని మీరు అందరికీ గర్వంగా చెబుతారు. మాషా అల్లాహ్. ఆ చికాగోలో డెవాన్ అవెన్యూ అని ఒక వీధి ఉంది. ఉర్దూ బోర్డులు, హలాల్ హోటళ్ళు, మన చీరల దుకాణాలు, అన్నీ అక్కడే. మాహోల్ అంటే అదీ. మరి మీ అబ్బాయి ఇల్లు డెవాన్‌లో ఎందుకు లేదు? నేపర్‌విల్‌లో ఎందుకు ఉంది? "అక్కడ స్కూళ్ళు మంచివిరా" అని మీరే నాతో అన్నారు. పెద్ద ఊరు పక్కన ఒక మోస్తరు ఊరు, బిడ్డల స్కూలు చూసి ఇల్లు, ఈద్ సరుకులకు డెవాన్‌కు కారులో పోయి రావడం. మీ మనవరాలికి అది అక్లమందీ. నా కూతురికి అదే పని ఏలూరులో చేస్తే బేవకూఫీ. జనాభాలో నేపర్‌విల్ కంటే ఏలూరే పెద్దది మామూ, ఎవరైనా అడిగితే చెప్పండి.

పక్కన తాడేపల్లిగూడెం చూడండి. 2015లో అక్కడ ఎన్ఐటీ పెట్టారు. దేశమంతటి నుంచి పిల్లలు వచ్చి ఆ చిన్న ఊళ్ళో చదువుకుంటున్నారు. పక్క జిల్లా నుంచి మనం మాత్రం చదువంటే హైదరాబాదే అనుకుంటాం.

నా వాదంలో లోపం లేదని చెప్పను. ఏలూరులో ఇల్లు వెతకడం మొదలుపెట్టాక తెలిసింది. నేను తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, ఫోన్లో నా తెలుగు విని అందరూ "రండి మాస్టారూ, చూసుకోండి" అంటారు. పేరు చెప్పాక ఒక క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత, "మా ఆవిణ్ణి అడిగి చెబుతానండి". ఒకాయన మరీ మర్యాదస్తుడు, "మాకు శాకాహారులైతే బాగుంటుందండి" అన్నాడు. ఆయన వాకిట్లో చేపల పొలుసు ఎండుతోంది. బొచ్చె చేప పొలుసు కొల్లేటివాణ్ణి నేను గుర్తుపట్టలేనా?

ఇలా ఉన్నందుకే మొహల్లాలో ఉండాలంటారు మామూ. ఆ మాట తీసెయ్యలేను. అర్ధరాత్రి ఏదైనా గొడవైతే పక్కింట్లో మనవాళ్ళుండాలని ఎవరికి ఉండదు? అందుకే మొహల్లాలోనూ వెతికాను. మస్జిద్ సందులో రెండు గదుల వాటా. ఇంటి ఓనరు హాజీ సాబ్. చుట్టుపక్కల వీధుల్లో రెండు నెలల అడ్వాన్సు, ఈయన అయిదు అడిగాడు. "ఎందుకు హాజీ సాబ్?" అంటే నవ్వాడు. "మీకు బయట ఎవరిస్తారు బాబూ?" అన్నాడు. బయటివాడు మూసిన తలుపుకు లోపలివాడు టికెట్టు పెట్టాడు. నాకు ఆ శాకాహారి మీద వచ్చిన కోపం కంటే ఈ నవ్వు మీద ఎక్కువ కోపం వచ్చింది. మన మొహల్లాల గురించి మనం రాసుకోకపోతే ఎవరూ రాయరు.

ఉర్దూ పోతుందని కూడా అంటున్నారు. నన్ను మా అబ్బా పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివించారు, మాహోల్ కోసమే. దానికి నేను రుణపడి ఉన్నాను. ఉర్దూ నాకు నోటి తీపి ఇచ్చింది. కానీ కాలేజీలో చేరాక తెలుగు ఒత్తులు దిద్దుకోవడానికి రెండేళ్ళు పట్టింది. పరీక్ష పేపరు ముందు చెమటలు పట్టి కూర్చున్న రోజులు ఇంకా కలలోకి వస్తాయి. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూకు రెండో అధికార భాష హోదా చట్టం చేశారు, సంతోషం. అయినా ఉర్దూ బతికేది చట్టంలో కాదు, దస్తర్‌ఖాన్ దగ్గర. మా అమ్మాయికి రోజూ ఇషా తర్వాత అరగంట నేనే నేర్పుతున్నాను. ఆ అరగంటకు ఏ ఊరైనా ఒకటే. బీఎస్సీ నేను నేర్పలేను కదా.

ఒక్క విషయంలో మాత్రం మామూకు కాదు, నాకే జవాబు దొరకలేదు. అమ్మీ. అబ్బా ఖబర్ కైకలూరులో ఉంది. షబే బరాత్‌కు అమ్మీ ఇంట్లో కూర్చునే ఫాతిహా చదువుతుంది. మేం ఖబ్రస్తాన్ నుంచి తిరిగొచ్చాక మాత్రం, "గడ్డి పెరిగిందా, మట్టి కుంగిందా?" అని అడుగుతుంది. నిన్న అడిగాను, వస్తావా అని. "మీ అబ్బా కాలంలో కలెక్టరాఫీసు పనంటే బందరు పోయేవారు. ఇప్పుడు జిల్లా ఏలూరయింది, సర్కారే మారింది, నాకేం?" అంది. నవ్వుతూనే అంది. కాసేపాగి, "రోడ్డు మునిగితే షబే బరాత్‌కు నువ్వెలా వస్తావురా?" అని అడిగింది. షబే బరాత్ వానాకాలంలో వచ్చే సంవత్సరాలకు ఇంకా చాలా టైముందని చెప్పాను. అప్పటికి తను ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. గుడివాడ మీదుగా చుట్టు తిరిగైనా వస్తానన్నాను.

ఇల్లు దొరికింది. పవర్‌పేట స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో, రిటైరైన ఒక క్రైస్తవ టీచరమ్మ గారి మేడ మీద వాటా. పేరు చెప్పాను. ఆమె, "నీళ్ళు పొద్దున ఆరింటికి వదులుతారు, మోటారు మీరే వేసుకోవాలి, ఒప్పుకుంటారా?" అని మాత్రం అడిగింది. మస్జిద్ నా కాలికి పన్నెండు నిమిషాలు. రాత్రి డెస్క్ దిగాక బెజవాడ నుంచి రైళ్ళు ఉన్నాయి, మెయిన్ లైను కదా, గంటలో ఇల్లు చేరతాను. రెండు నెలల అడ్వాన్సు ఇచ్చేశాను. అమ్మాయి కాలేజీ ఆప్షన్లు ఆన్‌లైన్‌లో పెట్టేసింది, మొదటి ఆప్షన్ ఏదో చెప్పనక్కర్లేదు.

మామూ, సామాను వచ్చే శనివారం వేస్తున్నాం. చేపల సీజన్‌లో లారీ దొరకలేదు, ఒక మినీ వ్యాను మాట్లాడాను. మీరు వస్తానంటే ఆదివారం మీ కోసం బొచ్చె పులుసు వండిస్తాను. సెకండ్ ఫ్లోరు, లిఫ్టు లేదు, మోకాళ్ళ మాత్ర వేసుకుని రండి.