తోడుకి డబ్బులు కట్టొద్దు



ఈ పోస్టు కొంచెం పెద్దది. వాన పడి పొలంలో అడుగు పెట్టే వీల్లేదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముఖ్యంగా డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లు చదవాలి. కళ్లజోడు లేనివాళ్లకి ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

విషయం ఏంటంటే, పోయిన వారం మా ఊరి రామాలయం అరుగు మీద మీటింగు పెట్టారు. పట్నం నుంచి ఒకాయన కారులో వచ్చాడు. చేతిలో గాజు సీసా, అందులో టీ రంగు నీళ్లు, పైన దిబ్బరొట్టె లాగా తేలుతున్న తెల్లటి పొర. "దీని పేరు కొంబుచా. హైదరాబాదులో చిన్న సీసా నూట యాభై రూపాయలు. తల్లిని మేమిస్తాం, శిక్షణ మేమిస్తాం. మీ దగ్గర పుట్టిన పిల్లల్ని మళ్లీ మేమే కొంటాం" అన్నాడు. కిట్టు నాలుగున్నర వేలు. పద్నాలుగు మంది పేర్లు రాయించారు. సంఘం లోను తీసి కట్టేద్దామని అనుకుంటున్నారు. అందులో మా పెద్దొదిన కూడా ఉంది.

నేను కొంబుచాకి విరోధిని కాదు. రెండేళ్లుగా మా ఇంట్లో కాస్తున్నాను. కూల్ డ్రింకు మానేసి ఇదే తాగుతున్నాను. నేను వ్యతిరేకించేది ఆ కిట్టుని. ఎందుకో చెప్తాను, ముందు అసలు ఇదేంటో వినండి.

లీటరు నీళ్లు మరిగించాలి. రెండు చెంచాల టీ పొడి, 80 గ్రాముల పంచదార వేసి డికాషన్ తీయాలి. పాలు పొయ్యకూడదు. వడకట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద తోడు వేస్తే పాలు ఏమవుతాయో మీకు తెలుసు, ఇక్కడా అంతే, తోడు చచ్చిపోతుంది. చల్లారాక గాజు సీసాలో పోసి, పాత కాపులోని పుల్లటి నీళ్లు 100 మిల్లీలీటర్లు, ఆ తెల్లటి పొర అందులో వెయ్యాలి. నేత గుడ్డ మూతికి కట్టి, ఎండ తగలని చోట పెట్టాలి. వారం పది రోజులు. మన ఎండాకాలంలో అయితే ఐదారు రోజులకే పుల్లబడుతుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాస్తే ఏమవుతుందో అదే అవుతుంది. పైన పచ్చగా, నల్లగా, నూగు నూగుగా బూజు కనిపిస్తే పొరతో సహా పారబొయ్యండి, పైపైన తీసేసి తాగొద్దు.

పంచదార, టీ పొడి, గ్యాసు అన్నీ కలిపినా లీటరుకి పది రూపాయలు దాటదు. విద్య ఇంతే. దీనికి మూడు రోజుల శిక్షణ దేనికో నాకు అర్థం కాలేదు. తరవాణి కుండ పెట్టిన చేతులు, ఆవకాయ జాడీ కట్టిన చేతులు మీవి. పులియబెట్టడం మీకు ఇంకొకరు నేర్పాలా?

ఇక ఆ పొర సంగతి. దాన్ని స్కోబీ అంటారు. ఆయన తల్లి అన్నాడు. నేను తోడు అంటాను, కొందరు చేమిరి అంటారు. పెరుగు తోడు అయిపోతే మనం ఏం చేస్తాం? గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. దీపాలు పెట్టాక ఇవ్వమంటారేమో గానీ, ఇంత తోడుకి ఇన్ని డబ్బులు అని అడిగిన ఇల్లు మన ఊళ్లో ఉందా? నాకు ఊహ తెలిశాక చూడలేదు. రష్యాలో కూడా దీన్ని టీ పుట్టగొడుగు అని పిలుస్తూ, వంటింట్లో మూడు లీటర్ల గాజు సీసాల్లో పెంచుకునేవాళ్లు. ఒక పొర ఎక్కువైతే పొరుగింటికి ఇచ్చేవాళ్లు. నాకు వచ్చింది కూడా అలాగే. మా చిన్నమ్మాయి హాస్టల్లో స్నేహితురాలి దగ్గర అడిగి, చిన్న సీసాలో వేసుకుని బస్సులో తెచ్చింది. పైసా ఇవ్వలేదు.

పత్తి విత్తనం ప్యాకెట్టు ఏటా కొంటున్నాం కదా అంటారు. నిజమే. హైబ్రిడ్ గింజ మళ్లీ వేస్తే అదే పంట రాదు కాబట్టి కొంటున్నాం. ఆ కొనుగోలుకి ఒక కారణం ఉంది. దీనికి ఆ కారణం కూడా లేదు. కాసిన ప్రతిసారీ పైన కొత్త పొర దానంతట అదే కడుతుంది.

ఇప్పుడు "మళ్లీ మేమే కొంటాం" అన్న మాటని లెక్క వేద్దాం. పది రోజులకి ఒకటి రెండవుతుంది. ఇరవై రోజులకి నాలుగు, ముప్పై రోజులకి ఎనిమిది. నూరు రోజులకి ఒక్క పొర 1024 అవుతుంది. పద్నాలుగు మంది దగ్గర కలిపి 14,336. ఇంత తేలిగ్గా పెరిగే వస్తువుని ఎవడు కొంటాడు? ఎందుకు కొంటాడు? వాడి ఇంట్లోనూ అది పెరుగుతుంది కదా. కొంటే ఒక్కందుకే కొంటాడు. పక్క ఊళ్లో ఇంకో పద్నాలుగు మందికి కిట్టు కట్టడానికి.

ఈ ఆట మనకి కొత్త కాదు. 2010కి అటూ ఇటూ ఈము పక్షులు గుర్తున్నాయా? జత కొనండి, గుడ్లు మేమే కొంటాం, పిల్లలు మేమే కొంటాం అన్నారు. కొన్నాళ్లు కొన్నారు కూడా. కొన్న పిల్లల్ని ఇంకో ఊరి రైతుకి అమ్మారు. కొత్త రైతు దొరకని రోజున ఫోన్లు ఎత్తడం మానేశారు. అప్పుడు చూస్తే ఆ మాంసం తినేవాడు బజార్లో లేడు. మేత పెట్టలేక రైతులు పడ్డ బాధ నేను కళ్లారా చూశాను. ఆ పక్షి ధర ఎప్పుడూ తినేవాడు ఇచ్చింది కాదు, తర్వాత చేరిన రైతు ఇచ్చింది. ఈ కిట్టూ అంతే. సరుకు తాగేవాడి దగ్గర కాకుండా, తయారు చేసేవాడి దగ్గరే డబ్బు వసూలు చేస్తుంటే మనం అనుమానించాలి.

ఇంకో మాట. సీసాలో పోసి మూత బిగించి అమ్మడం, ఇంట్లో గుడ్డ కట్టి కాసుకోవడం ఒకటి కాదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

పోయిన ఏడాది మే నెలలో, సోడా లాగా బుసబుసలాడాలని, పులిసిన కొంబుచాలో బంగినపల్లి రసం కలిపి ఖాళీ జ్యూసు సీసాల్లో నిండా పోసి మూతలు గట్టిగా బిగించాను. వసారాలో గూట్లో పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం ట్రాక్టరు టైరు పేలినట్టు చప్పుడు. వెళ్లి చూస్తే రెండు సీసాలు లేవు. గాజు పెంకులు కింద మంచం మీద, నవారు సందుల్లో దిగి ఉన్నాయి. సెలవులకొచ్చిన మా పెద్దమ్మాయి కొడుకు ఆ మంచం మీదే నిద్రపోతుంటే, వాళ్లమ్మ అన్నానికి అప్పుడే లేపుకెళ్లింది. పది నిమిషాలు తేడా. తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు పేలిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇందులో రెండు రకాల జీవులు ఉంటాయి. ఈస్టు తీపిని తిని ఆల్కహాలు, గ్యాసు చేస్తుంది. బ్యాక్టీరియా ఆ ఆల్కహాలుని పులుపు చేస్తుంది, దానికి గాలి కావాలి. మూత బిగిస్తే గాలి అందక బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. ఈస్టు పని ఆగదు. లోపల తీపి ఉన్నంతసేపు గ్యాసు పెరుగుతుంది, ఆల్కహాలూ పెరుగుతుంది. మామిడి రసం వేసి నేనే దానికి మేత వేశాను. చిన్నప్పుడు గోలీసోడా సీసా అంత మందంగా ఎందుకుండేదో, సోడా కొట్టేటప్పుడు దాన్ని ఇనప డబ్బాలో పెట్టి ఎందుకు తిప్పేవాళ్లో నాకు అప్పుడు బోధపడింది. గ్యాసు పట్టించాలనుకుంటే మందపాటి సోడా సీసాలోనే పొయ్యండి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, రెండు రోజులకి ఫ్రిజ్జులో పెట్టండి. ఒక ప్లాస్టిక్ సీసాలో కూడా కొంచెం పోసి పక్కన పెట్టండి. అది నొక్కితే గట్టిగా ఉందంటే మిగతావీ తయారైనట్టే.

ఆల్కహాలు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పొద్దున తీసిన నీరా ఎండెక్కేసరికి ఏమవుతుందో మనకి తెలియంది కాదు. అమెరికాలో 2010లో పెద్ద దుకాణాలే కొంబుచా సీసాల్ని అరల మీద నుంచి తీసేశాయి, సీసాలో ఆల్కహాలు అర శాతం దాటుతోందని. మన దేశంలో కూడా అర శాతం దాటితే అది మద్యం లెక్కలోకి వస్తుంది. ఎండలో ఆటోలో పట్నం వెళ్లే సీసా ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే నూట యాభై రూపాయల్లో ఎక్కువ భాగం టీకి కాదు. మందపాటి సీసాకి, ఐసు బండికి, ల్యాబు పరీక్షకి, లైసెన్సుకి, దుకాణం వాడికి. ఇవేవీ ఆ కిట్టులో లేవు. నేను అడిగాను. "అవన్నీ తర్వాత చూద్దాం బాబాయ్" అన్నాడు.

ఆయన షుగరు తగ్గుతుంది, కీళ్ల నొప్పులు పోతాయి, క్యాన్సరు రాదు అని కూడా అన్నాడు. మనుషుల మీద పెద్ద ఎత్తున పరీక్షలు చేసి అలా తేల్చింది లేదు. వేసిన పంచదారలో చాలా భాగం వారం తర్వాత కూడా నీళ్లలోనే ఉంటుంది. షుగరు మాత్రలు మానేసి ఇది తాగితే కాళ్లు పోగొట్టుకునేది మనమే. గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. మిగతావాళ్లు చిన్న గ్లాసుతో మొదలుపెట్టండి. రుచి బాగుంటుంది, కూల్ డ్రింకు కన్నా తీపి తక్కువ. అంతవరకే నేను చెప్పగలను.

"ఆడవాళ్లు నాలుగు రూపాయలు సంపాదించుకుంటుంటే నీకెందుకయ్యా అడ్డం?" అని ఒకరిద్దరు అన్నారు. సంపాదించుకోవాలి, నేనూ అదే కోరుకుంటున్నాను. కానీ లోను కిస్తీ పద్నాలుగు మంది మీద పడుతుంది, ఆయన మీద పడదు. నిజంగా అమ్మాలనుంటే ముందు ఆరు నెలలు ఇంట్లో కాయండి. ఎండకి ఎలా పులుస్తుందో, చలికి ఎలా పులుస్తుందో చూడండి. చుట్టుపక్కల పది మందికి తాగించండి. వాళ్లు డబ్బులిచ్చి మళ్లీ అడుగుతారేమో చూడండి. అడిగితే అప్పుడు ఆహార లైసెన్సు, పరీక్ష, సీసాలు అన్నీ కలిసి ఆలోచిద్దాం. కాగితాల పనికి నేనూ తిరుగుతాను.

అంతవరకు ఆ నాలుగున్నర వేలు సంఘం ఖాతాలోనే ఉండనివ్వండి. తోడు కావాలంటే మా ఇంటికి రండి, గాజు సీసా తెచ్చుకోండి. నా దగ్గర ప్రస్తుతం తొమ్మిది పొరలున్నాయి. ఎక్కువైనవి కంపోస్టు గుంటలో వేస్తున్నాను. పుల్లటి నీళ్లు కూడా పోసిస్తాను, అవి లేకపోతే కొత్త కాపుకి బూజు పడుతుంది. ఒక్కటే షరతు. మీ దగ్గర పెరిగాక అడిగినవాళ్లకి ఊరికే ఇవ్వాలి.

పెద్దొదినా, నా మీద కోపం పెట్టుకోవద్దు. నీ సీసా రేపు నేనే పట్టుకొస్తున్నాను. దీపాలు పెట్టకముందే వస్తాలే.