గుట్ట ఎక్కడానికి ఎవరి పర్మిషన్?

"ఇన్ని సమస్యలుండగా బండలెక్కే హక్కు గురించి రాస్తావా?" అని మొన్న ఒక సదస్సులో, మధ్యాహ్న భోజనాల దగ్గర ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. కూలి గిట్టనివాళ్లు, పేరు మీద సెంటు భూమి లేనివాళ్లు, ఉన్న ఇంట్లోంచి గెంటించుకున్నవాళ్లు ఇందరుండగా, ఆదివారం పూట తాడూ హెల్మెట్టూ తగిలించుకుని గుట్టలు పట్టుకు వేళ్లాడేవాళ్ల గొడవ ఎందుకని ఆమె ఉద్దేశం. న్యాయమైన ప్రశ్నే. కానీ భూమి ఎవరి చేతిలో ఉందో, ఆ చెయ్యి ఎవరికి గేటు తీస్తుందో, ఎవరి మొహాన మూస్తుందో నేను అతి దగ్గరగా చూసింది ఆ గుట్టల కిందే. అందుకే రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని మీద పట్టాల వయసు ఏ రెండు మూడు తరాలో. నగరంలోని రాళ్లను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. హుడా వారసత్వ జాబితాలోకి కొన్ని రాతి గుంపులు ఎక్కాయి కూడా. ఆ జాబితాకి ఆధారమైన నిబంధననే 2015 డిసెంబరులో ప్రభుత్వం తీసేసింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే గానీ ఆగలేదు. సర్కారు చేతిలో ఉన్న రాళ్ల గతే ఇదైతే, పట్టా భూమిలో ఉన్న బండకి దిక్కెవరు? మేం ఎక్కే మంచి బండల్లో చాలావరకు ఎవరో ఒకరి సొంతం. చేను మధ్యలో ఒక గుండు, ఫామ్‌హౌస్ వెనక ఒక నున్నటి పరుపు, వెంచర్ కడీలు పాతిన ప్లాట్ల నడుమ ఒక నిట్టనిలువు గోడ.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి మాలావత్ పూర్ణ వయసు 13. గురుకులంలో చదువుకుంటున్న గిరిజన బాలిక. ఆమె బండ పట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరిలో. అది కోట కాబట్టి అందరిదీ అయింది. అదే బండ ఎవరి ఫామ్‌హౌస్ కంచె లోపలో ఉండి ఉంటే, ఆ పిల్లని గేటు దాటనిచ్చేవాళ్లా?

మా క్లైంబర్లలో ఒక నీతి చలామణీలో ఉంది. యజమానిని నొప్పించకు. గొంతు పెంచకు. చెత్త వెయ్యకు. గేటు ఎలా ఉందో అలాగే వదిలెయ్యి. బండ ఎక్కడుందో పదిమందికీ చెప్పకు. దీపావళికి స్వీట్ల డబ్బా పట్టుకెళ్లు. చెత్త, గేటు సంగతి ఒప్పుకుంటాను. మిగతాది మాత్రం మనకి బాగా తెలిసిన పాఠం. అత్తగారింటికి పంపేటప్పుడు ఆడపిల్లకి చెప్పే పాఠం. ఉండనిస్తున్నారు కదా, సర్దుకుపో.

నాలుగేళ్ల కిందట మేం నలుగురం ఆడవాళ్లం ఒక గుట్ట యజమాని దగ్గరికి వెళ్లాం. మర్యాదగానే కూర్చోబెట్టాడు. "మీతో మగవాళ్లెవరూ రాలేదా అమ్మా? సారుని పంపండి, మాట్లాడతా" అన్నాడు. మా నలుగురిలో ఇద్దరం పీహెచ్‌డీలం, ఒకరు వకీలు. మరుసటి వారం మా బృందంలోని ఇరవై రెండేళ్ల కుర్రాడు, నా దగ్గర తాడు ముడి వెయ్యడం నేర్చుకున్నవాడు, వెళ్లి టీ తాగి పది నిమిషాల్లో ఒప్పించుకొచ్చాడు. షరతులు కూడా మోసుకొచ్చాడు. పొద్దుగూకే లోపల దిగిపోవాలి, "లేడీస్" విడిగా రాకూడదు. ఎనిమిది నెలలకి ఆ భూమి చేతులు మారింది. ఇనుప గేటు, వాచ్‌మన్, సీసీ కెమెరా వచ్చాయి. కుర్రాడు తెచ్చిన మాటకి విలువ లేకుండా పోయింది.

ఎందుకు పోయిందో చట్టమే చెబుతుంది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం రెండు సంగతుల్ని విడదీసింది. ఒకటి ఈజ్‌మెంట్. పక్కవాడి భూమిలోంచి నడవడం, నీళ్లు పారించుకోవడం లాంటి హక్కు. అయితే సెక్షన్ 4 ప్రకారం అది నీకంటూ ఒక భూమి ఉండి, దాన్ని అనుభవించడానికి అవసరమైతేనే వస్తుంది. అంటే భూమి ఉన్నవాళ్లకే మరొకరి భూమి మీద హక్కు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపేవాళ్లలో ఆడవాళ్లు 14 శాతం దగ్గర. ఈజ్‌మెంట్ ఎవరికి దక్కుతుందో లెక్క వేసుకోండి. రెండోది లైసెన్సు, అంటే ఒట్టి అనుమతి. ఇచ్చినవాడు సాధారణంగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. భూమి అమ్మితే కొన్నవాడు దానికి కట్టుబడక్కర్లేదు, సెక్షన్ 59. మా స్వీట్ల డబ్బా విలువ అంత.

యజమానులకి భయాలు లేవని నేననను. ఉన్నాయి. కాలు విరిగితే కేసు తన మీదికి వస్తుందని ఒకటి. పన్నెండేళ్లు తిరిగితే భూమి మీద హక్కంటారేమోనని ఇంకొకటి. రెండోది ఉత్త అపోహ. అనుమతితో వాడుకున్నది ఎన్నేళ్లయినా ప్రతికూల స్వాధీనం కాదు. నిజానికి ఆ అనుమతి కాగితం మీద ఉంటే ముందుగా రక్షణ దొరికేది యజమానికే. ఇంత చిన్న విషయం వాళ్లకి వివరించకుండా తలలూపి వచ్చే మా పద్ధతి మీద నాకు ఎక్కువ కోపం. మొదటి భయానికి వేరే దేశాల్లో చట్టం చేసి జవాబిచ్చారు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, డబ్బు తీసుకోకుండా విహారానికి భూమి వదిలిన యజమాని బాధ్యతని తగ్గించే చట్టాలున్నాయి. ఇంగ్లండులో 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి చొరబడి నడిచినవాళ్లలో ఐదుగురు జైలుకి వెళ్లారు. అక్కడ బీళ్ల మీదా కొండల మీదా నడిచే హక్కు 2000లో చట్టమైంది. సహజమైన రాళ్లూ రప్పల వల్ల జరిగే ప్రమాదాలకి యజమాని బాధ్యతని కూడా అదే చట్టం కుదించింది. కెంటకీలో 2004లో క్లైంబర్ల సంఘమే అప్పు చేసి 700 ఎకరాలకి పైగా కొనేసింది. మన దగ్గర ఎకరం కోట్లు పలికే చోట కొనే మాట ఎత్తితే నవ్వుతారు. అలాంటి చట్టమూ మనకి లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఇంతవరకూ మా గొడవే. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

ఆ గుట్ట మీదికి మాకన్నా ముందు, మాకన్నా ఎక్కువగా ఎక్కినవాళ్లు ఆ ఊరి ఆడవాళ్లు. మేకల్ని తోలుకుని, కట్టెలకి, సీతాఫలాల కాలంలో గంపలతో. వాళ్లెవరూ ఎవరి దగ్గరా టీ తాగి పర్మిషన్ తెచ్చుకోలేదు. గేటు పెట్టాక వాళ్లకీ దారి మూసుకుపోయింది. మేమంతా అవ్వా అని పిలిచే ఒక మేకల కాపరి, గేటు బయట తుమ్మ చెట్టు కింద కూర్చుని నాతో అంది: "మీరు పైసలు వెట్టి తాళ్లు కొని ఎక్కుతుంటిరి. మేం ఉట్టిగనే ఎక్కుతుంటిమి. గిప్పుడు మీకూ లేదు, మాకూ లేదు. గని మీరు ఇంకో గుట్టకు వోతరు బిడ్డా."

2020 చట్టంతో తెలంగాణ పహాణీల్లో అనుభవదారు గడి పోయింది. మళ్లీ తెస్తామని 2025 భూభారతి చట్టం సందర్భంగా చెప్పారు. ఆ గడి ఉన్న రోజుల్లో కూడా మేకలు మేపిన అవ్వ పేరు అందులో ఎవరూ రాయలేదనుకోండి. కానీ నేను చెప్పిన ఆ 1882 చట్టంలోనే సెక్షన్ 2 ఉంది. సొంత భూమి ఉన్నా లేకపోయినా, ప్రజలకి ఆచారంగా వస్తున్న హక్కుల జోలికి ఈ చట్టం పోదంటుంది. అంటే ఆ గుట్ట మీద ఎవరికైనా హక్కు వాదించే దారంటూ ఉంటే అది అవ్వకి ఉంది, మాకు లేదు. (బండ కొట్టి బతికే వడ్డెర ఆడవాళ్లకి మా 'రాళ్లను కాపాడండి' నినాదం ఎలా వినిపిస్తుందన్నది ఇంకో వ్యాసం. అదీ రాయాల్సిందే.)

ఇప్పుడు కొత్త యజమాని మా బృందానికి కబురు పెట్టాడు. శనివారాలు ఐడీ కార్డులు చూపించి రావచ్చట. బదులుగా మేకలవాళ్లు లోపలికి రాకుండా మేమే ఒక కన్నేసి ఉంచాలట! మా వాట్సాప్ గ్రూపులో గంటలోపల పాతిక బొటనవేళ్లు లేచాయి. అభ్యంతరం చెప్పింది ముగ్గురం. "ముందు మనం లోపలికి వెళ్దాం మేడం, వాళ్ల సంగతి తర్వాత మాట్లాడదాం" అని జవాబు. ఈ మాట మనం ఎన్నిసార్లు వినలేదు? ముందు స్వాతంత్ర్యం రానీ, ముందు విప్లవం రానీ, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ఆ తర్వాత ఎప్పుడొచ్చిందో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒక ఆడమనిషిని కాపలా కాసి సంపాదించే శనివారం నాకొద్దు.

నేను కోరేది పెద్దదేం కాదు. నోటి మాట చాలదు, కాగితం కావాలి. ఏడాది దాటే లీజయితే రిజిస్టర్ చేయించాలి. అందులో మేం ఎక్కే బండలతో పాటు మేకల బాట, సీతాఫలాల వాలు, చెలిమ దారి పేరుపేరునా ఉండాలి. 'లేడీస్' అన్న షరతు ఉండకూడదు. మా బాధ్యత మాదేనని మేం రాసివ్వాలి. ఊరి వాళ్ల దారికి ఆయన ఒప్పుకోకపోతే మేమూ గేటు బయటే ఉండాలి. ముసాయిదా రాసి బృందం ముందు పెట్టాను. మొదటి సంతకం అవ్వది ఉండాలన్నాను. "ఆవిడ క్లైంబర్ కాదు కదా!" అన్నారొకరు. నెత్తిన గంపతో, ఉత్త కాళ్లతో, తాడు లేకుండా ఆ గుండు మీంచి దిగే మనిషి మా పాతిక మందిలో ఇంకెవరున్నారో చూపించమనండి.