బేగంపేటలో చిన్న విమానాలు చూశాం సరే.. తెనాలి, బాపట్ల, రేపల్లెకు వీటితో పనేంటి?

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్‌లో సీ ప్లేన్ నీళ్ల మీద నుంచి లేచి శ్రీశైలం వైపు వెళ్లిన వీడియో చూడనివాళ్లు మన దగ్గర దాదాపు ఉండరు. సీఎం చంద్రబాబు, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులోనే ప్రయాణించారు. ఆ రోజు నుంచి మా పేజీకి వస్తున్న కామెంట్లలో ఎక్కువగా కనిపిస్తున్న ప్రశ్న ఒకటే.. "సూర్యలంకకు ఎప్పుడు వస్తుంది?" రేపల్లె వాళ్లైతే ఇంకో అడుగు ముందుకేసి పెనుమూడి దగ్గర దించమంటున్నారు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందు 2024 జనవరికి వెళ్లాలి.

హైదరాబాద్ బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో జనవరి 18 నుంచి 21 వరకు 'వింగ్స్ ఇండియా 2024' జరిగింది. మొదటి రెండు రోజులు కంపెనీల వాళ్లకు, చివరి రెండు రోజులు మామూలు జనానికి. మేం జనం రోజునే వెళ్లాం. ఊహించినట్టే సెల్ఫీలన్నీ పెద్ద విమానాల దగ్గరే. ఆసారి ఎక్స్‌పో వార్తలన్నీ ఎయిర్ ఇండియా కొత్త ఏ350, బోయింగ్ 777ఎక్స్ చుట్టూనే తిరిగాయి. తొలిరోజే ఆకాశ ఎయిర్ 150 బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు ఆర్డర్ ప్రకటించింది. అదీ పెద్ద వార్తే.

చిన్న విమానాల వైపు మాత్రం రద్దీ తక్కువ. నిజం చెప్పాలంటే అక్కడే ఎక్కువసేపు ఉండాలనిపించింది. పెద్ద విమానాన్ని కింద నుంచి చూస్తే పొట్ట, చక్రాలు తప్ప ఏమీ కనిపించవు. చిన్నదైతే రెక్క మన భుజం ఎత్తులో ఉంటుంది. కాక్‌పిట్‌లోకి తొంగిచూడొచ్చు. ఓ తండ్రి తన పాపను ఎత్తుకుని చూపిస్తూ "ఇది మన కారు కంటే చిన్నదే కదమ్మా" అన్నాడు. నాలుగు సీట్ల విమానం లోపలి చోటు చూస్తే ఆయన మాట పెద్ద అబద్ధమేం కాదు.

ఎయిర్‌లైన్స్, మిలటరీ కాకుండా మిగిలిన ఎగిరే వ్యవహారం దాదాపు అంతా 'జనరల్ ఏవియేషన్' కిందకే వస్తుంది. పైలట్ ట్రైనింగ్, సొంత విమానాలు, చార్టర్లు, ఎయిర్ అంబులెన్సులు, పొలాలకు మందు కొట్టే విమానాలు.. అన్నీ ఇందులోవే. ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానం కూడా ఈ కోవలోదే. పేరు సెస్నా 172. 1955లో తొలిసారి ఎగిరింది, ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ఇది లేవడానికి అర కిలోమీటరు రన్‌వే ఉంటే సరిపోతుంది.

ఇక మన ప్రాంతం సంగతి.

సూర్యలంక బీచ్‌లో సీ ప్లేన్ అనేది వినడానికి బాగుంటుంది. పున్నమి ఘాట్ దగ్గర అది ఎందుకు సాధ్యమైందో చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ వెనక నీళ్లు ఏడాదంతా ఇంచుమించు ఒకే మట్టంలో, అలల్లేకుండా నిలిచి ఉంటాయి. శ్రీశైలం జలాశయంలోనూ సముద్రం లాంటి అలలు ఉండవు. అదే సూర్యలంకలో ఎదురుగా ఉన్నది బంగాళాఖాతం. అలల్లో ట్విన్ ఓటర్ లాంటి చిన్న విమానాన్ని రోజూ దించడం కుదిరే పని కాదు. పైగా ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది, దాంతో మెయింటెనెన్స్ ఖర్చు పెరుగుతుంది. అన్నిటికీ మించి సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అక్కడ క్షిపణి పరీక్షలు జరుగుతుంటాయి. పెనుమూడి వైపు చూస్తే వరదలప్పుడు కృష్ణ ఉగ్రరూపం, వేసవిలో ఇసుక మేటలు. విమానం దిగాలంటే వీటికి మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా.

గుజరాత్ అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. 2020 అక్టోబర్ 31న ప్రధాని మోదీ సబర్మతి - కేవడియా సీ ప్లేన్ సర్వీసు ప్రారంభించారు. విమానాన్ని మెయింటెనెన్స్ కోసం మాల్దీవులు పంపాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్‌లో సర్వీసు ఆగిపోయింది. అంటే తొలి ప్రయాణం ఫొటో కంటే ఆరో నెలలో టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయన్నదే అసలు లెక్క.

మరి మామూలు ఎయిర్‌పోర్టు? తెనాలి నుంచి గన్నవరం కారులో గంట, గంటన్నర దూరం. మధ్యలో ఇంకోటి కడితే దిగేవాళ్లు ఎవరు? ఆ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

అయితే చాలామంది మర్చిపోయిన విషయం ఒకటుంది. బాపట్ల జిల్లాలో విమానం ఇప్పటికే దిగింది.

అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద 16వ నంబర్ జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర రన్‌వే కట్టారు. 2022 డిసెంబర్ 29న తొలి ట్రయల్‌లో యుద్ధ విమానాలు తక్కువ ఎత్తులో ఎగిరి వెళ్లాయే తప్ప నేలను తాకలేదు. 2024 మార్చి 18న మాత్రం ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డు మీద దిగి, మళ్లీ లేచాయి. సుఖోయ్, హాక్ విమానాలు పై నుంచి విన్యాసం చేసి వెళ్లాయి. ఆ డోర్నియర్ 228 మన హాల్ సంస్థ కాన్పూర్‌లో తయారుచేసేదే. దాని పౌర రూపం 'హిందుస్థాన్ 228'. 19 సీట్లు. 2022 ఏప్రిల్‌లో అలయన్స్ ఎయిర్ దీన్ని అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్ ప్రదేశ్‌లోని పాసీఘాట్‌కు నడపడం మొదలుపెట్టింది. కిలోమీటరు రన్‌వే ఉన్నా పనైపోతుంది దీనికి.

ఇదెందుకు ముఖ్యమంటే.. తుపాను. 1977 నవంబర్ 19 రాత్రిని రేపల్లె, నిజాంపట్నం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వదిలితే కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె లంకలు మునిగాయి. కరకట్ట ఎక్కడ తెగుతుందోనని జనం రాత్రంతా ఇసుక బస్తాలు మోశారు. హెలికాప్టర్లు, డ్రోన్లు విజయవాడలో ఆహార పొట్లాలు అందించాయి. లంకలకు మాత్రం ప్రధానంగా పడవలే దిక్కు. రోడ్డు రన్‌వే సహాయ చర్యలకు కూడా పనికొస్తుందని ఎయిర్‌ఫోర్సే చెబుతోంది. మరి తుపాను హెచ్చరిక రాగానే ఆ రన్‌వే నుంచి రేపల్లెకు సామగ్రి ఎలా చేరాలి, ఎవరు దింపుకోవాలి, హెలికాప్టర్ ఎక్కడ దిగాలి అన్న ప్లాన్ జనానికి తెలిసేలా ఉండాలి కదా? మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాల్సింది సీ ప్లేన్ గురించి కాదు, దీని గురించి.

రెండో సంగతి పిల్లల చదువు. ఎక్స్‌పోలో ఫ్లయింగ్ స్కూళ్ల స్టాళ్ల దగ్గర తెలుగు తల్లిదండ్రులు బాగానే కనిపించారు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, 200 గంటలు ఎగరాలి. ఖర్చు అరకోటి దాటుతోంది. డెల్టాలో అంటే అరెకరమో, ఎకరమో అమ్ముకోవడమే. కాబట్టి ఫీజు కట్టే ముందే డీజీసీఏ మెడికల్ పరీక్ష చేయించుకోవాలి. కళ్లజోడు ఉందని భయపడక్కర్లేదు కానీ, రంగులు సరిగా గుర్తించలేకపోవడం లాంటివి బయటపడితే దారి మూసుకుపోవచ్చు. తెనాలి మూలాలున్న శిరీష బండ్ల విషయంలో చూపే అడ్డమైంది. ఆమె ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఇంకో దారిలో ఆకాశం దాటారు.

అంత డబ్బు లేనివాళ్లకు డ్రోన్ ఉంది. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే డీజీసీఏ గుర్తింపు ఉన్న కేంద్రంలో వారం లోపు శిక్షణతో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 2024 అక్టోబర్ 22, 23న మంగళగిరిలో డ్రోన్ సమ్మిట్ జరిగినప్పుడు అందరూ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్ల షో గురించే మాట్లాడుకున్నారు. మినుము చేలో మందు కొట్టే డ్రోన్ అంత అందంగా ఉండదు. కానీ ఎకరానికి పది లీటర్ల నీళ్లతో పది నిమిషాల్లోపు పని ముగిస్తుంది. వీపున ట్యాంకు మోసుకుని, మందు వాసన పీల్చే కూలీ బాధ తప్పుతుంది. అదే సమయంలో ఆ కూలీ పని ఏమవుతుందన్న ప్రశ్నా ఉంది, దాన్ని దాటవేయలేం. నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయం ప్రకటించారు. తెనాలి, రేపల్లె సంఘాలు మండల వ్యవసాయాధికారిని కలిసి అడగొచ్చు. బాపట్ల వైపు వాళ్లు మాత్రం ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోకుండా డ్రోన్ లేపొద్దు.

వింగ్స్ ఇండియా రెండేళ్లకోసారి జరుగుతుంది. అంటే 2024 తర్వాత 2026లో. పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే తెనాలి నుంచి సికింద్రాబాద్‌కు రైళ్లు ఉన్నాయి, సికింద్రాబాద్‌లో దిగితే బేగంపేట పక్కనే. జనానికి అనుమతి ఉన్న రోజులేవో ముందే చూసుకోండి. ఎండ గట్టిగా ఉంటుంది, టోపీ మర్చిపోవద్దు. పెద్ద విమానం దగ్గర ఫొటో అయ్యాక చిన్నవాటి వైపు కూడా ఓ చుట్టు తిరగండి.