ఉపసంహరించుకున్న ఒప్పుకోలు: ఒకే న్యాయం, అందరికీ

‘నిందితుడు నేరం ఒప్పుకున్నాడు’ అన్న వార్త పతాక శీర్షికకెక్కిన నాడే సమాజం తన తీర్పు చెప్పేస్తుంది. ఆ ఒప్పుకోలు ఎవరి ఎదుట, ఎన్ని నిద్రలేని రాత్రుల తర్వాత వెలువడిందని అడిగేవారు తక్కువ. అదే వ్యక్తి న్యాయస్థానంలో నిలబడి ‘నాచేత బలవంతంగా చెప్పించారు’ అంటే, ఆ మాటకు లోపలి పేజీలోనూ చోటు దొరకడం కష్టం.

అయితే చట్టం అంత తొందరపడదు. పోలీసు అధికారికిచ్చిన ఒప్పుకోలును నేర నిరూపణకు వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టమే నిర్దేశించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 22, 23 సెక్షన్లు కూడా ఆ రక్షణను నిలబెట్టాయి. మేజిస్ట్రేటు ఎదుట ఇచ్చిన వాంగ్మూలం చెల్లుతుంది. కాని అది స్వచ్ఛందమైనదై ఉండాలి. నిందితుడు దానిని తర్వాత ఉపసంహరించుకుంటే ఏమవుతుంది? అంతమాత్రాన అది రద్దు కాదు. అయితే ఇతర సాక్ష్యాల బలం లేకుండా కేవలం దాని మీదనే శిక్ష విధించడం వివేకం కాదని సుప్రీం కోర్టు 1962లో ప్యారేలాల్ భార్గవ కేసులో స్పష్టం చేసింది.

ఈ కట్టుబాటును టాడా, పోటా, మహారాష్ట్రలోని మోకా వంటి ప్రత్యేక చట్టాలు సడలించాయి. ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేసిన ఒప్పుకోలునే సాక్ష్యంగా స్వీకరించే వీలు కల్పించాయి. ఫలితం మన కళ్ల ముందే ఉంది. 2002 నాటి అక్షరధామ్ దాడి కేసులో పోటా కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష విధించింది; హైకోర్టు దానిని సమర్థించింది. 2014 మే 16న సుప్రీం కోర్టు ఆ ఒప్పుకోళ్లను విశ్వసించలేక ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. 2006 నాటి ముంబయి రైలు పేలుళ్ల కేసులో శిక్షపడిన 12 మందినీ 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు నిర్దోషులుగా ప్రకటించింది. ఆ తీర్పును ఇతర కేసుల్లో ప్రమాణంగా తీసుకోరాదని సుప్రీం కోర్టు నిలుపుదల చేసినా, విడుదలైన వారిని తిరిగి జైలుకు పంపలేదు. తీర్పు వెలువడేసరికి 19 ఏళ్లు గడిచాయి. ఆ 12 మందిలో ఒకరు అంతకుముందే జైలులో కన్నుమూశారు.

ఇంతవరకు మనమంతా ఏకీభవిస్తాము. అసలు పరీక్ష హైదరాబాదులో ఉంది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ ముస్లిం యువకులు అనేకులను పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులను రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వకేట్ కమిషనర్ నమోదు చేశారు. అనంతరం దర్యాప్తు దిశ మారింది. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద ఢిల్లీలో మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలమిచ్చారు. తర్వాత దానిని ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ఎన్ఐఏ కోర్టు ఆ వాంగ్మూలాన్ని స్వచ్ఛందమైనదిగా అంగీకరించక, అసీమానందతో సహా ఐదుగురిని నిర్దోషులుగా ప్రకటించింది.

ఆ రోజు మనలో చాలామంది ‘తానే ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి?’ అన్నారు. ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాల ఆవేదన అర్థం చేసుకోదగినదే. అయినా ఆ ప్రశ్నను కాస్త తిప్పి చూద్దాం. మన పిల్లల మీద అభియోగాలు మోపినవారు అడిగిందీ అదే కదా? ‘ఒప్పుకోలు ఒక్కటే చాలదు’ అన్న నియమం అక్షరధామ్ నిందితులకు వర్తించి అసీమానందకు వర్తించకపోతే అది నియమం కాదు, పక్షపాతం. నచ్చనివారికి నిరాకరించిన రక్షణ రేపు మనకూ మిగలదు.

అలాగని మక్కా మసీదు బాధితులకు న్యాయం జరిగిందని కాదు. అక్కడ నిలదీయవలసింది నియమాన్ని కాదు, దర్యాప్తును. ఒప్పుకోలు ఒక్కటే చాలదని తెలిసిన దర్యాప్తు సంస్థ కోర్టులో నిలిచే సాక్ష్యాన్ని ఎందుకు సమకూర్చలేకపోయింది? సాక్షులు ఎందుకు ఎదురు తిరిగారు? ఒప్పుకోలును ఊతకర్రగా చేసుకున్న దర్యాప్తు అమాయకుడిని ఏళ్ల తరబడి జైలులో ఉంచుతుంది. అసలు నేరస్థుడిని బయట తిరగనిస్తుంది. బాధితుడిని రెండుసార్లు మోసగిస్తుంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. పోలీసు అధికారి ఎదుట ఒప్పుకోలును సాక్ష్యంగా చెల్లించే ప్రత్యేక నిబంధనలన్నీ రద్దు కావాలి. మేజిస్ట్రేటు నమోదు చేసే ఒప్పుకోలును న్యాయవాది సమక్షంలో వీడియో తీయడానికి కొత్త నేర ప్రక్రియా చట్టం వీలు కల్పించింది. దానిని తప్పనిసరి చేయాలి.

కుటుంబాలు కూడా మెలకువతో ఉండాలి. బలవంతం జరిగితే విచారణ మొదలయ్యేదాకా ఆగవద్దు. రిమాండు కోసం మేజిస్ట్రేటు ఎదుట నిలిపిన మొదటి రోజే చెప్పాలి, రాతపూర్వకంగా నమోదు చేయించాలి. వైద్య పరీక్ష కోరాలి. అన్ని పోలీసు స్టేషన్లలో కెమెరాలుండాలని సుప్రీం కోర్టు 2020లో ఆదేశించింది. ఆ దృశ్యాలను భద్రపరచమని వెంటనే దరఖాస్తు చేయాలి. ఆలస్యంగా చేసిన ఉపసంహరణను న్యాయవాది నేర్పిన పాఠంగా కొట్టిపారేయడం ప్రాసిక్యూషన్‌కు సులభం.

మనకు కావలసింది మనవారికి మినహాయింపు కాదు. సాక్ష్యం లేనిదే ఎవరికీ శిక్ష పడని, సాక్ష్యం ఉంటే ఎవరూ తప్పించుకోలేని న్యాయం కావాలి. ఆ కోరిక మన నోట వచ్చినప్పుడు దానిలో ‘ఎవరికీ’ అన్న మాటకు నిజంగా ఎవరికీ అన్న అర్థమే ఉండాలి.