పెళ్లికి బహుమానం, పరిచయానికి శిక్ష

దళితులకూ ఇతర కులాలవారికీ మధ్య జరిగే పెళ్లిళ్లకు తెలంగాణ ప్రభుత్వం రెండున్నర లక్షల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. 2019 దాకా ఈ మొత్తం 50 వేలే. పెంచడం మంచిదే. అయితే మనం అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఆ పెళ్లి జరగడానికి ముందు ఒక అమ్మాయీ అబ్బాయీ ఎక్కడో ఒకచోట కలుసుకోవాలి, మాట్లాడుకోవాలి, ఒకరినొకరు తెలుసుకోవాలి కదా! ఆ ఏడాదో రెండేళ్లో వాళ్లను కాపాడే బాధ్యత ఎవరిది? పెళ్లయ్యాక డబ్బు ఇచ్చే రాజ్యం, పెళ్లికి ముందు ఆ అమ్మాయిని తండ్రికీ అన్నకూ కులపెద్దలకూ వదిలేస్తున్నది.

నారాయణఖేడ్ సంగతే చూద్దాం. ఒకప్పుడు మెదక్ జిల్లాలో, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం బీదర్ సరిహద్దును ఆనుకుని ఉంది. అంగడిలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ కలగలిసి వినిపిస్తాయి. బేరమాడేటప్పుడు అడ్డురాని భాష, మతం, కులం పెళ్లిమాట రాగానే గోడలై లేస్తాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. తండా పిల్ల, మాదిగవాడ పిల్ల, రెడ్ల ఇంటి పిల్ల ఒకే బస్సెక్కి కాలేజీకి రాగలుగుతున్నారు. అక్కడ వేరే కులాల అబ్బాయిలతో కలిసి చదువుకుంటున్నారు. చదువు కలిపినవాళ్లను ఊరు అనుమానంగా చూస్తుంది. అబ్బాయి మాట్లాడితే వయసు చేష్ట అంటారు, అమ్మాయి మాట్లాడితే ఇంటి పరువు పోయిందంటారు. శిక్ష కూడా సిద్ధంగానే ఉంటుంది. ఫోను లాక్కోవడం, చదువు మాన్పించడం, ఉన్నపళంగా మేనబావకో మరొకరికో ఇచ్చి లగ్గం చేయడం. బాల్యవివాహాల గురించి మాట్లాడేటప్పుడు మనం పేదరికాన్ని ప్రస్తావిస్తాం. ‘పిల్ల చేయి దాటిపోతుందేమో’ అనే భయాన్ని అంతగా ప్రస్తావించం. ఆ భయానికి అసలు పేరు కులం.

ఇద్దరూ కలిసి వెళ్లినా ‘లేచిపోయింది’ అని ఆడపిల్లనే అంటారు. ఎందుకు లేచిపోవలసి వచ్చిందని ఎవరూ అడగరు. పరిచయానికి చోటు లేనప్పుడు ఆమె ముందు రెండే దారులుంటాయి. అతన్ని మరిచిపోవాలి, లేదా రాత్రికి రాత్రి ఇల్లు విడిచి పెళ్లి చేసుకోవాలి. ఆలోచించుకునే వ్యవధి ఆమెకు దక్కదు. అతను తాగుతాడా, చేయి చేసుకుంటాడా, ఆమె చదువును గౌరవిస్తాడా, ఆమె తల్లి చేతి అన్నం తింటాడా అన్నవి పెళ్లయ్యాకే తెలుస్తాయి. తెలిశాక తిరిగి వెళ్లడానికి పుట్టిల్లు ఉండదు. కులాంతర ప్రేమలు నిలబడవని ఈసడించేవాళ్లే, అవి నిలబడడానికి కావలసిన కాలాన్ని దోచుకుంటున్నారు. ‘సరే’ అనే హక్కు ఎంత ముఖ్యమో, తెలుసుకున్నాక ‘వద్దు’ అనే హక్కు కూడా అంతే ముఖ్యం.

ఈ కాపలా దేనికోసమో మన కళ్లముందు జరిగిన హత్యలే చెబుతున్నాయి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న ప్రణయ్‌ని నరికి చంపారు. అతను దళితుడు, ఆమె వైశ్య. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. 2020 సెప్టెంబరులో హైదరాబాదులో ఎత్తుకుపోయిన హేమంత్ శవం ఇదే సంగారెడ్డి జిల్లాలో దొరికింది. అతను వైశ్యుడు, ఆమె రెడ్డి. 2022 మే 4న సరూర్‌నగర్‌లో నాగరాజును నడిరోడ్డు మీద చంపారు. అతను దళితుడు, ఆమె ముస్లిం. మూడు కేసులూ అమ్మాయి పుట్టింటివాళ్ల మీదే నమోదయ్యాయి. పై కులం మగవాడు కింది కులం స్త్రీని చేరదీస్తే అనులోమమనీ, పై కులం స్త్రీ కింది కులం పురుషుణ్ణి కోరుకుంటే ప్రతిలోమమనీ ధర్మశాస్త్రాలు విడదీశాయి. మొదటిదాన్ని సహించి రెండోదాన్ని మహాపాపం చేశాయి. ఆ సూత్రం ఇవాళ వేటకొడవలి పట్టుకుని తిరుగుతున్నది.

మరి దళిత, లంబాడీ అమ్మాయిని పై కులం అబ్బాయి ప్రేమిస్తే? అక్కడ కులం సాకుగా పనికొస్తుంది. తిరిగినన్నాళ్లు గుర్తురాని కులం, పెళ్లెప్పుడని అడిగిన రోజున గుర్తొస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షన్ పెళ్లి పేరుతో చేసే ఇలాంటి మోసాన్ని నేరమన్నది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది. ప్రేమకు కులం లేదని పాట పాడేముందు, ఎవరు ఎవరిని ప్రేమించారో, నష్టం ఎవరికి జరిగిందో మనం అడిగి తీరాలి.

జాతి పేరుతో ఇదే పని చేసిన రాజ్యాలున్నాయి. దక్షిణాఫ్రికా 1949లో తెల్లవారికీ ఇతరులకూ మధ్య పెళ్లిళ్లను నిషేధించింది. పెళ్లి బయటి సంబంధాలనైతే 1927 నుంచే నేరంగా చూసింది. ఆ నిషేధాలు 1985 దాకా పోలేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నల్లజాతి మూలాలున్న మిల్‌డ్రెడ్‌నూ, ఆమెను పెళ్లాడిన తెల్లజాతి రిచర్డ్ లవింగ్‌నూ 1958లో అరెస్టు చేసింది. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు అలాంటి చట్టాలన్నిటినీ కొట్టేసింది. పుస్తకంలో రాసి ఉంది కాబట్టి కోర్టు కొట్టేయగలిగింది. మన నిషేధం ఇంట్లో ఉంది. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు దాన్ని సామానుతోపాటు తీసుకుపోయారు. తెల్ల అల్లుడొస్తే రిసెప్షన్ ఇచ్చే ఇల్లు, నల్ల అల్లుడి గురించీ దళిత అల్లుడి గురించీ బంధువులకు చెప్పుకోవడానికి జంకుతుంది.

మన సంస్కరణ చరిత్రనూ ఈ కోణంలో చూడాలి. కులాంతర వివాహమే కులానికి అసలు మందని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో తేల్చి చెప్పాడు. 1948లో గోరా తన కూతురి పెళ్లి ఒక దళిత యువకునితో సేవాగ్రాంలో జరిపించాడు. అది గొప్ప అడుగే. కానీ అక్కడ కూడా చొరవ ఆదర్శవాది అయిన తండ్రిది. కూతురు తానుగా ఎంచుకుంటే సహించే సంస్కారం మనకింకా రాలేదు. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే.

ఇంత కష్టంలో దక్కేదేమిటని అడగొచ్చు. దక్కేది చాలానే ఉంది. ఎంచుకున్న పెళ్లిలో కట్నం బేరానికి కూర్చునే కులపెద్ద ఉండడు. రెండు ఇళ్ల వంటలు, రెండు భాషలు, రెండు రకాల దేవుళ్ల మధ్య పెరిగే పిల్లలకు, తమ ఇంటి అలవాటే లోకధర్మం కాదని చిన్నప్పుడే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, తన బతుకు గురించి ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకున్న స్త్రీ రెండోది తీసుకోవడానికి వెనకాడదు. కులపెద్దలు భయపడేది దీనికే.

2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలన్నది. జిల్లా కేంద్రాల్లో రక్షణ గృహాలు పెట్టే విషయం ఆలోచించమన్నది. పెళ్లయిన జంటలతోపాటు పెళ్లికాని జంటలకూ వాటిలో చోటివ్వవచ్చని స్పష్టంగా రాసింది. ఆ మాటనే మనం పట్టుకోవాలి. మన డిమాండ్లు ఇవి:

1. మేజరైన అమ్మాయి స్టేషనుకు వస్తే ‘కౌన్సెలింగ్’ పేరుతో పుట్టింటికి అప్పగించడం ఆపాలి. ఆమె వాంగ్మూలం ఆమె ఒక్కతే ఉన్నప్పుడు తీసుకోవాలి.

2. సంగారెడ్డితో సహా ప్రతి జిల్లా కేంద్రంలో పెళ్లికాని జంటలకు కూడా తలుపు తెరిచే రక్షణ గృహం ఉండాలి.

3. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు గోడకెక్కించే పద్ధతి పోవాలి. జంట హైదరాబాదుకు పారిపోయినా, శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు అక్కడికీ వెళుతుంది. మతాంతర జంటలకు ఇది ప్రాణాంతకం.

4. ప్రేమ అనుమానంతో చదువు మాన్పించిన ఆడపిల్లను తిరిగి చేర్చుకునే బాధ్యత కాలేజీదీ అధికారులదీ కావాలి.

ఇవేవీ ఎవరినీ ప్రేమించమని చెప్పవు. ప్రేమించిన అమ్మాయి ప్రాణంతో ఉండాలంటాయి. కాదనుకున్న అమ్మాయి తలెత్తుకుని ఇంటికి తిరిగి రాగలగాలంటాయి. రెండున్నర లక్షల కన్నా ముందు మనకు కావలసింది, బస్‌స్టాండులో పక్క కులం అబ్బాయితో పది నిమిషాలు మాట్లాడినా చదువు ఆగిపోదనే భరోసా.